మీటింగుకు రాకపోతే పని లేదంటే: బలవంతపు సభలపై చట్టం ఏం చెబుతుంది?

పని ఇచ్చే మనిషి పిలిచిన రాజకీయ సభకు పోనని కూలీ అనవచ్చా? ఆయన చేయించే పూజలో కూర్చోనని అనవచ్చా? అన్నందుకు మరుసటి రోజు పని పోతే అడగడానికి చట్టం ఉందా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో దళిత కూలీల మధ్య పనిచేసే కార్యకర్తలకు, ఈ విషయాలు చదువుకునే విద్యార్థులకు పనికొస్తుందని ఈ వివరాలను ఒకచోట చేర్చుతున్నాం.

ముందే చిన్న జవాబు చెబుతాం. "పనిచోట రాజకీయ, మత సమావేశాలకు బలవంతం చేయరాదు" అనే ఒకే చట్టం మన దేశంలో లేదు. దాని ముక్కలు మాత్రం రాజ్యాంగంలో, ఎన్నికల చట్టంలో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఉన్నాయి. ఏ ముక్క ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవాలి.

అమెరికాలో ఈ చట్టాలు ఎలా వచ్చాయి

యజమాని పని వేళల్లో కార్మికులను కూర్చోబెట్టి యూనియన్‌కు వ్యతిరేకంగా చెప్పే సమావేశాన్ని అక్కడ 'క్యాప్టివ్ ఆడియన్స్ మీటింగ్' అంటారు. లేచిపోతే ఉద్యోగం పోతుందన్న భయంతో వినాల్సిన వాళ్లు కాబట్టి ఆ పేరు. 1948లో బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కేసులో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఇవి చట్టబద్ధమే అంది. 76 ఏళ్ల తర్వాత, 2024 నవంబరు 13న అమెజాన్ కేసులో అదే బోర్డు ఆ తీర్పును పక్కనపెట్టి, హాజరును తప్పనిసరి చేయడం చట్టవిరుద్ధమని చెప్పింది.

రాష్ట్రాలు ఇంకా ముందే కదిలాయి. న్యూజెర్సీ 2006లో, ఒరెగాన్ 2009లో చట్టాలు చేశాయి. ఆ తర్వాత కనెక్టికట్, మిన్నెసోటా, న్యూయార్క్, వాషింగ్టన్, ఇల్లినాయ్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు అదే దారి పట్టాయి. యజమానుల భావప్రకటనా స్వేచ్ఛకు ఇది అడ్డమని కంపెనీల సంఘాలు కోర్టులకు వెళ్లాయి. కాలిఫోర్నియా చట్టాన్ని 2025 సెప్టెంబరులో ఫెడరల్ జిల్లా కోర్టు తాత్కాలికంగా నిలిపివేసింది.

ఈ చట్టాల పద్ధతి ఒక్కటే. యజమాని నోరు మూయించవు. మాట్లాడుకోనిస్తాయి, సభ పెట్టుకోనిస్తాయి. రాని కార్మికుడిని శిక్షించకూడదు అంటాయి, అంతే. మాట్లాడే హక్కుకూ, వినిపించుకునేలా బలవంతం చేసే అధికారానికీ మధ్య గీత గీస్తాయి. మనం పట్టుకోవలసింది ఈ గీతనే.

నడిగడ్డలో పనిచోటు ఎక్కడుంది?

ఫ్యాక్టరీని దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టాన్ని ధరూర్ మండలానికి తెచ్చి పెడితే కుదరదు. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటాం. జూరాల ప్రాజెక్టు ఈ మండలంలోని రేవులపల్లి దగ్గరే ఉంది. కాలువ కింద వరి, మిగతా నేలలో పత్తి, విత్తన పత్తి. విత్తన పత్తి సాగులో కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. అడ్వాన్సు అతని చేతుల మీదుగా వస్తుంది. క్రాసింగ్ పనికి ఆడవాళ్లు, పిల్లలు వెళ్తారు. వలస పోయేవాళ్లకు గుంపు మేస్త్రీ ఉంటాడు. 'పాలమూరు లేబర్' అని దేశమంతా పేరుపడిన పద్ధతి అదే. ముందు అడ్వాన్సు, తర్వాత పని.

ఇక్కడ యజమాని అంటే ఒక కంపెనీ బోర్డు కాదు. భూమి ఉన్నవాడు, అప్పు ఇచ్చేవాడు, ట్రాక్టరు ఉన్నవాడు, పార్టీ నాయకుడు ఒకే మనిషి కావచ్చు, లేదా ఒకే ఇంటివాళ్లు కావచ్చు. సభకు రమ్మని నోటీసు రాదు, వాడకు కబురొస్తుంది. రానివాళ్ల పేరు ఎవరూ రాసుకోరు, కానీ అందరికీ గుర్తుంటుంది. మరుసటి రోజు "మనుషులు సరిపోయారు" అన్న మాటతో పని పోతుంది. పొదుపు సంఘాల మహిళలను సభలకు తరలించడం, రానివాళ్లకు రుణం విషయంలో ఇబ్బంది అని బెదిరించడం ప్రభుత్వాలు మారినా వార్తల్లో వస్తూనే ఉంది. బలవంతానికి కాగితం ఉండదు. కేసు కట్టేటప్పుడు మొదటి చిక్కు ఇదే.

ఇది కొత్తది కూడా కాదు. గద్వాల, వనపర్తి నిజాం రాజ్యంలో సంస్థానాలు. వెట్టి అంటే పొలం పని ఒక్కటే కాదు. దొర ఇంట పెళ్లయినా చావయినా జాతరయినా పిలిస్తే పోవాలి. డప్పు కొట్టాలి, పల్లకీ మోయాలి, గుంత తవ్వాలి. అప్పు కింద కట్టుబడ్డ భగేలా కూలీల కోసం హైదరాబాద్ రాజ్యం 1936లో భగేలా ఒప్పందాల నియంత్రణ చట్టం తెచ్చింది. కూలీ శరీరంతోపాటు అతని హాజరు కూడా తనదే అన్న దొరతనం నుంచే నేటి "ట్రాక్టరు ఎక్కు" అన్న మాట వచ్చింది.

రాజ్యాంగం ఏమిస్తుంది

మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కు కూడా ఉందని సుప్రీంకోర్టు 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో చెప్పింది. జాతీయ గీతం పాడకుండా మర్యాదగా నిలబడ్డ ముగ్గురు పిల్లలను కేరళలో బడి నుంచి తీసేసిన కేసు అది. తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛనిస్తుంది. 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న విద్యాసంస్థలో మత బోధనలో గానీ ప్రార్థనలో గానీ పాల్గొనమని అక్కడ చదివేవారిని బలవంతం చేయకూడదు. మైనరయితే సంరక్షకుల అనుమతి ఉండాలి. పనిచోటుకు ఇంత స్పష్టమైన మాట రాజ్యాంగంలో లేదు.

ప్రాథమిక హక్కులు ప్రభుత్వం మీదే కదా, రైతు మీద ఎలా అడుగుతాం అనే ప్రశ్న వస్తుంది. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం, వెట్టిని నిషేధించిన 23వ అధికరణం ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తాయి. 1982లో ఆసియా క్రీడల కార్మికుల కేసులో, ఆకలి వల్ల వేరే దారి లేక ఒప్పుకోవడం కూడా బలవంతమేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2023 జనవరిలో కౌశల్ కిషోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ, 19, 21 అధికరణాల హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అడగవచ్చని చెప్పింది.

ఓటు, పార్టీ, సభ

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 123(2) సెక్షన్ ఓటరుపై అనుచిత ఒత్తిడిని అవినీతి చర్యగా చూస్తుంది. సంఘ బహిష్కారం బెదిరింపు కూడా అందులో ఉంది. ఎన్నికల్లో అనుచిత ప్రభావం భారతీయ న్యాయ సంహిత 171 కింద నేరం. 135బి ప్రకారం పోలింగ్ రోజు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇది రోజుకూలీలకూ వర్తిస్తుంది. కానీ ఉల్లంఘించిన యజమానికి జరిమానా 500 రూపాయల లోపే.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణల ప్రకారం మనకు కావలసినవి ఇవి:

• 3(1)(హెచ్): వెట్టి లేదా కట్టుబానిస పని చేయించడం.
• 3(1)(ఎల్): ఫలానావారికి ఓటెయ్యమని, వెయ్యొద్దని బలవంతం చేయడం, నామినేషన్ వేయకుండా, ప్రతిపాదించకుండా అడ్డుకోవడం.
• 3(1)(జెడ్‌సి): సాంఘిక, ఆర్థిక బహిష్కారం విధించడం లేదా బెదిరించడం.

వీటికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. 3(1)(ఎల్) ఓటు గురించి, పోటీ గురించి. సభలో కూర్చోబెట్టడం గురించి కాదు. కాబట్టి సభకు బలవంతంగా తీసుకుపోయారన్న ఒక్క మాట ఈ క్లాజు కిందికి రాదు. రానందుకు పని, అప్పు, నీళ్లు ఆపితే, ఆపుతామని బెదిరిస్తే మాత్రం ఆర్థిక బహిష్కారం క్లాజు పనిచేస్తుంది. ఆ నిర్వచనంలో కూలికి పని చేసే అవకాశాన్ని నిరాకరించడం కూడా వస్తుంది. ఫిర్యాదులో 'మీటింగ్' కన్నా 'ఆ తర్వాత ఏం ఆపారు' అన్నదే ముఖ్యం.

కార్మిక చట్టం ఇంకా బలహీనం. 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 యూనియన్‌లో చేరకుండా అడ్డుకోవడాన్ని అన్యాయపు కార్మిక విధానం అంటుంది. జరిమానా పది వేల నుంచి రెండు లక్షల దాకా. ఆ జాబితాలో రాజకీయ, మత సభల ప్రస్తావన లేదు. పత్తి చేనుకు రోజుకూలీకి పోయేవాళ్లకు ఆ దారి ఆచరణలో అందదు.

అంతర్జాతీయంగా ఒక ఆధారం ఉంది. రాజకీయ ఒత్తిడికి లేదా రాజకీయ బోధనకు బలవంతపు శ్రమను వాడకూడదని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 105వ ఒప్పందాన్ని భారత్ 2000లో ఆమోదించింది.

మతం దగ్గర చిక్కు ఎక్కువ

దసరాకు యంత్రాలకు పూజ, ఆఫీసులో హోమం, బడిలో ప్రార్థన. ఇష్టంతో వచ్చేవాళ్లతో పేచీ లేదు. రానన్నవాడిని వేరుగా చూడటంతోనే సమస్య. ఊళ్లో దాని రూపం వేరు. జాతరకు డప్పు కొట్టనంటే, కొట్టాల్సింది మీరే అంటారు. జోగిని ఆచారం ఇంకా క్రూరమైనది. దాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లో దేవదాసీల అంకిత నిషేధ చట్టంతో నేరం చేసింది. దళిత, ఆదివాసీ స్త్రీని దేవతకు అంకితం చేయడం ఇప్పుడు అట్రాసిటీ చట్టం 3(1)(కె) కింద కూడా నేరం.

దళితులకు ఇంకో ప్రమాదం ఉంది. "నేను క్రైస్తవుడిని, పూజకు రాను" అని నోరు తెరిచి చెబితే ఎస్సీ హోదాకే ఎసరు రావచ్చు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఆ హోదా. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. మతం మారిన వ్యక్తి అట్రాసిటీ చట్టాన్ని వాడుకోలేడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. మనస్సాక్షి స్వేచ్ఛను వాడుకున్న దళితుడే చట్ట రక్షణ పోగొట్టుకునే పరిస్థితి ఇది. అందుకే ఎవరూ తమ విశ్వాసాన్ని చెప్పుకోవలసిన అవసరం లేకుండా, "రాను" అన్న ఒక్క మాట చాలనే హక్కు కావాలి.

అన్ని తప్పనిసరి సమావేశాలూ ఒకటి కాదు

2022లో ఫ్లోరిడా కూడా పనిచోట తప్పనిసరి శిక్షణలపై ఒక చట్టం తెచ్చింది. అది జాతి వివక్ష గురించి కొన్ని భావాలు చెప్పే శిక్షణలను లక్ష్యం చేసుకుంది. యజమానులకు సంబంధించిన ఆ భాగాన్ని అప్పీలు కోర్టు 2024 మార్చిలో తప్పుపట్టింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. తెలుగు ఐటీ ఉద్యోగులు ఎక్కువగా ఉన్న ఇలాంటి చోట్ల కుల వివక్షపై శిక్షణ ఒక డిమాండు. "రాజకీయం వద్దు" అన్న మాటను దానికి వ్యతిరేకంగా తిప్పడం తేలిక. కాలిఫోర్నియా చట్టం పౌరహక్కుల చట్టాల కింద యజమాని ఇవ్వాల్సిన శిక్షణకు మినహాయింపు ఇచ్చింది. మన డిమాండులోనూ ఆ మినహాయింపు ఉండి తీరాలి. పార్టీకి, దేవుడికి పిలవడం వేరు. అంటరానితనం నేరమని చెప్పడం వేరు.

ఇప్పుడు చేయగలిగింది

సభకు ముందు ఎవరు కబురు పెట్టారు, ఏ మాటలతో పెట్టారు, తేదీ, సాక్షులు రాసి పెట్టుకోవాలి. తర్వాత ఎన్ని రోజులు పని ఆగింది, ఎవరి పని ఆగలేదు అన్నది కూడా రాయాలి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు సీ-విజిల్ యాప్‌లో ఫొటో, వీడియో పంపవచ్చు. అట్రాసిటీ ఫిర్యాదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 18ఎ సెక్షన్ చెబుతుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. జాతీయ హెల్ప్‌లైన్ 14566. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ ముందు కూడా పెట్టాలి.

రాష్ట్రం నుంచి అడగాల్సింది ఒక చిన్న చట్టం. రాజకీయ, మత సమావేశానికి రానందుకు పని, కూలి, రుణం, పథకం ఆపకూడదు. యజమాని అన్న మాటలో ఆర్గనైజర్, మేస్త్రీ, సంఘ బాధ్యులు కూడా ఉండాలి. పని ఆగితే కారణం తాను చూపించుకోవలసిన బాధ్యత ఆపినవాడిదే కావాలి. ఈ మూడూ లేకపోతే ఒరెగాన్ చట్టాన్ని మక్కీకి మక్కీ దించినా రేవులపల్లి కూలీకి ఒరిగేది ఉండదు.