వీరుల గుడి, ఇంద్రవెల్లి స్తూపం

నకరికల్లు చుట్టుపక్కల తండాల పిల్లలకు కారంపూడి తిరునాళ్ల అంటే రంగులరాట్నం, మిఠాయి కొట్లు. అక్కడ గుడి ఎందుకు కట్టారని మేము హాస్టల్లో అడిగితే "దేవుడి కోసం" అంటారు. నిజానికి అది యుద్ధంలో చనిపోయిన మనుషుల కోసం కట్టిన గుడి.

12వ శతాబ్దం చివర మాచర్ల మలిదేవుడికీ, గురజాల నలగామరాజుకీ మధ్య కారంపూడిలో నాగులేరు ఒడ్డున పోరు జరిగింది. ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలు. పోరులో పడిపోయిన వారికి ఆ నేల దగ్గరే వీరుల గుడి వెలిసింది. అక్కడ వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని కథ మొత్తం కళ్ల ముందు నడిపిస్తారు. మాల కులంలో పుట్టిన కన్నమదాసు ఆ కథలో సేనాపతి. అన్ని కులాలవారూ కలిసి తిన్న చాపకూడు కూడా అందులోదే. పాడేవారు విద్యావంతులు, వారూ మాలలే. శ్రీనాథుడి పేర పుస్తకం ఉన్నా, ఊరూరా కథను బతికించింది వాళ్ల గొంతే అని మా అభిప్రాయం.

ఇంద్రవెల్లి సంగతి వేరు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూమి పట్టాల కోసం గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టింది. ముందు ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు చేశారు. ఆ సంగతి తెలియక కొండల నుంచి దిగివచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, 60 మందికి పైనే అని హక్కుల సంఘాలు అన్నాయి. 1983లో అక్కడ ఎర్ర స్తూపం లేచింది. 1986లో దాన్ని పేల్చేశారు. తర్వాత ఐటీడీఏ మళ్లీ కట్టించింది.

గుడిని ఎవరూ పేల్చరు. దేవుడైపోయిన వీరుడికి ఏటా పండుగ దొరుకుతుంది. కానీ పూజలో పడితే ఎవరు ఎవరిని, ఎందుకు చంపారన్న ప్రశ్న మెత్తబడుతుంది. కారంపూడిలో అన్నదమ్ముల పంపకం తగువు ఇప్పుడు ఎవరికీ కోపం తెప్పించదు. స్తూపం మాత్రం పట్టాల సంగతి అడుగుతూనే ఉంటుంది. అందుకే మేము పిల్లలకు రెండూ చూపించాలంటాం. తండాలో సేవాలాల్ గుడి కడితే సంతోషమే, పక్కనే ఒక బండ మీద తండా పెద్దల పేర్లు కూడా చెక్కించండి.

ఇంద్రవెల్లి మండలంలోనే కేస్లాపూర్ నాగోబా గుడి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. గోండుల గోడు వినడానికి ఆయన ఆ జాతరలో దర్బారు మొదలుపెట్టించాడు. అది నేటికీ జరుగుతోంది. పుష్య మాసపు జాతరకు అధికారులు వచ్చి అర్జీలు తీసుకుంటారు. అదే మండలంలోని స్తూపం దగ్గర మాత్రం ఏప్రిల్ 20న పూలు పెట్టడానికి కూడా చాలా ఏళ్లు ఆంక్షలు ఉండేవి.