మన కంచంలోంచి సామలు ఎలా పోయాయి?



హైదరాబాద్, విశాఖ సూపర్ మార్కెట్లలో ఇప్పుడు సామలు, కొర్రలు అందమైన ప్యాకెట్లలో కనిపిస్తాయి. మీద "ఆరోగ్య ఆహారం" అని రాసి ఉంటుంది. ధర చూస్తే సన్నబియ్యం కంటే ఎక్కువ. మన అమ్మమ్మలు, అవ్వలు ఇదే సామన్నం తింటే "కొండోళ్ళ తిండి" అని వెక్కిరించారు. ఆ వెక్కిరింపుకి భయపడి మనం కూడా చద్దన్నం, అంబలి పేరెత్తడానికి సిగ్గుపడ్డాం. ఇప్పుడు డాక్టర్లు, టీవీలు, యూట్యూబ్ వాళ్ళు వచ్చి "చిరుధాన్యాలు తినండి, సమతుల ఆహారం తినండి" అని మనకే చెబుతున్నారు. మంచిదే, కాదనను. కాకపోతే చాలామంది దీన్ని అలవాటు సమస్య లాగా మాట్లాడతారు. ఆదివాసీలకి అవగాహన లేదు, అందుకే రక్తహీనత అంటారు. మన తిండి ఎలా మారిందో చరిత్ర చూస్తే విషయం అంత తేలిక కాదని తెలుస్తుంది.

ముందు పోడు సంగతి. పోడు అంటే అడవి నరికి కాల్చడం అని బయటివాళ్ళు రాసేస్తారు. ఆ పొలంలో ఏమేం వేసేవారో అడగరు. ఒకే కొండవాలులో సామ, కొర్ర, చోడి, జొన్న, వాటి మధ్యలో కంది, అనుములు, అంచుల్లో గుమ్మడి, ఆనప. అన్నీ ఒకేసారి కోతకి రావు. ఒకటి అయిపోయేసరికి ఇంకోటి అందుతుంది. వాన తక్కువైతే ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుంది. గింజ, పప్పు, కూర మూడూ ఒకే చోట నుంచి ఇంటికి వచ్చేవి. దానికి తోడు అడవి: పెండలం దుంపలు, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, చింతచిగురు, బోడకాకర, తునికి పండ్లు, మొర్రి పండ్లు, ఉసిరి, తేనె. ఏరులో చేప, ఇంట్లో కోడి. నూనెకి వలిసెలు, ఇప్ప పలుకులు. (అరకు వెళ్ళి పసుపుపచ్చ పూల మధ్య సెల్ఫీలు దిగేవాళ్ళలో అది నూనె గింజ పంట అని ఎంతమందికి తెలుసో!)

ఈ తిండికి కట్టుబాట్లు కూడా ఉండేవి. కొత్తల పండగ చెయ్యకుండా కొత్త పంట ముట్టకూడదు. మామిడి కొత్త కాకుండా మామిడికాయ తినకూడదు. కందికొత్త, చిక్కుడు కొత్త, కొర్ర కొత్త అన్నీ ఇదే లెక్క. ఆదిలాబాద్ గోండుల్లో కూడా కొత్త పంట ముందు దేవుడికి పెట్టాకే ఇంట్లోవాళ్ళు తింటారు. నాకు అర్థమైనంతలో ఇది భక్తి ఒక్కటే కాదు. కాయ ముదరాలి, విత్తనం నిలవాలి, ఊరంతా ఒకేసారి తినాలి అనే లెక్క ఇందులో ఉంది. చూసుకుని తినడం అని ఈ రోజుల్లో చెప్పే పాఠం మన పండగల క్యాలెండర్‌లోనే ఉంది.

అలాగని ఆ రోజులన్నీ స్వర్గం అని చెప్పను. వానాకాలం మొదట్లో, పాత గింజ అయిపోయి కొత్త గింజ రాని నెలల్లో ఆకలి ఉండేది. 1940ల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన హైమన్‌డార్ఫ్ 1945లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. అందులో జీలుగు మాను లోపలి గుజ్జుని దంచి పిండి తియ్యడం, మామిడి టెంకలు తినడం ఉన్నాయి. అవి కష్టకాలపు తిండి. కానీ ఆ కష్టంలో కూడా ఎంత జ్ఞానం ఉందో చూడండి. టెంకలోని జీడిని పారే నీళ్ళలో నానబెట్టి వగరు పోగొట్టాలి. చేదు దుంపల్ని సన్నగా కోసి, ఉడకబెట్టి, ఏటి నీళ్ళలో ఉంచాలి. ఆ పని సరిగ్గా జరక్కపోతే, లేదా టెంక పిండికి బూజు పడితే ప్రాణం మీదికొస్తుంది. పాత తిండిని మళ్ళీ తెచ్చుకోవాలి అనే ఉత్సాహంలో ఈ సంగతి మర్చిపోకూడదు. తెలిసిన పెద్దవాళ్ళని అడగకుండా అడవి దుంప తవ్వి వండకండి.

మరి ఇది ఎప్పుడు చెదిరింది? గోదావరి ఏజెన్సీలో మొదటి పెద్ద దెబ్బ కల్లు మీద పడింది. మన పెద్దలకి తాటి, జీలుగు కల్లు తాగుడు సరుకు మాత్రమే కాదు. గింజలు తగ్గే నెలల్లో అది కడుపు నింపేది కూడా. మద్రాసు ప్రభుత్వం అబ్కారీ చట్టాలతో ఇంటి వాడకానికి గీసుకోవడాన్ని కూడా ఆపి, ఆ హక్కుని కాంట్రాక్టర్లకి అప్పగించింది. రంప మన్సబుదారు దాని మీద చిగురుపన్ను వేశాడు. 1879 మార్చిలో రంప తిరుగుబాటు లేచింది. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య పేర్లు అక్కడివే. పాఠ్యపుస్తకంలో దీన్ని పన్నుల మీద తిరుగుబాటు అని ఒక లైన్లో ముగిస్తారు. నేనైతే తిండి మీద చెయ్యి వేసినందుకు లేచిన తిరుగుబాటు అంటాను.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం. కొండలు రిజర్వు అయ్యాయి. పోడుకి హద్దులు పెట్టారు, ఏ చెట్టు ముట్టాలో, ఎక్కడ మేపాలో గార్డు చెప్పడం మొదలైంది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర, మన్యం జనం నడిచారంటే కారణాల్లో పోడు, అటవీ ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి అన్నీ ఉన్నాయి. నిజాం ఇలాకాలో కూడా కథ వేరు కాదు. ఆదిలాబాద్‌లో రిజర్వు హద్దులు ఊళ్ళ మీదికొచ్చాయి. బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ సాగు భూమి కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో అమరుడయ్యాడు. జల్, జంగల్, జమీన్ అని మనం నినాదం ఇస్తాం కదా. ఆ మూడూ కలిస్తేనే కంచం నిండేది.

ఇక్కడ మైదానం సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే తెల్లన్నం మీద మోజు అటునుంచే వచ్చింది. మిల్లులో బాగా తెల్లగా పట్టిన బియ్యంలో పైపొర తౌడుగా పోతుంది, దానితో బి1 విటమిన్ పోతుంది. ఆ బియ్యమే ముఖ్యాహారం అయిన చోట బెరిబెరి అనే జబ్బు వస్తుంది. కాళ్ళ తిమ్మిర్లు, వాపు, గుండె బలహీనత. మన ఉత్తర కోస్తా జిల్లాలు ఒకప్పుడు ఈ జబ్బుకి పేరుమోసినవి. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే తర్వాత పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ వచ్చి, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే దేశంలోనే పెద్ద పోషకాహార సంస్థ పుట్టిందే తెల్లబియ్యం తెచ్చిన రోగం వల్ల! అదే తెల్లబియ్యం మనకి నాగరికత గుర్తుగా కొండెక్కింది.

స్వాతంత్ర్యం తర్వాత మార్పు ఇంకో దారిలో వచ్చింది. 1956లో గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, పెట్టారు. షావుకార్ల తూకం మోసం నుంచి కాపాడాలని అడవి సరుకు కొనడం, డిపోల్లో నిత్యావసరాలు అమ్మడం దాని పని. డిపో ఉప్పు వల్ల మేలు జరిగింది. కొండ నేలల్లో అయోడిన్ వానకి కొట్టుకుపోతుంది, గొంతు వాపు వస్తుంది. అయోడిన్ ఉప్పు దానికి మందు. అయితే మొర్రి పండ్ల గింజ కొట్టి తీసిన సారపప్పు బయటి స్వీటు షాపులకి పోయింది, మన పిల్లల నోటికి రాలేదు. అమ్మే సరుకు వేరు, తినే సరుకు వేరు అయిపోయింది.

పొలంలోనూ అదే. ఆదిలాబాద్‌లో జొన్న గట్కా తిన్న ఇళ్ళ చేలన్నీ పత్తి అయ్యాయి. 2002లో బీటీ పత్తి వచ్చాక అది ఇంకా ఊపందుకుంది. పత్తి డబ్బులిస్తుంది, ధర బాగున్న ఏడాది. పత్తి చేను గట్టు మీద మాత్రం ఆకుకూర కోసుకోవాలంటే మందు వాసన.

1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. దీని గురించి నేను చెడు రాయను. ఆకలి నెలల్లో పొయ్యి వెలిగింది ఆ బియ్యం వల్లే. టెంకల అంబలి మీద బతకాల్సిన అవసరం చాలా ఇళ్ళకి తప్పింది. కానీ కార్డు మీద ఒక్క బియ్యమే రావడంతో, సామలు దంచే కష్టం ఎందుకు అనిపించింది. సామలు, కొర్రల పొట్టు తియ్యడం ఆడవాళ్ళకి రోజూ రోకలి పని. ఆ కష్టం తగ్గినందుకు అమ్మలు సంతోషించారు, అందులో తప్పులేదు. దంచకపోతే వండరు, వండకపోతే విత్తరు, రెండు మూడేళ్ళు విత్తకపోతే విత్తనం ఇంట్లో ఉండదు. సామ పోయింది ఇలాగే. ఇప్పుడు మళ్ళీ తినండి అనేవాళ్ళు ముందు ఊరికో పొట్టు తీసే మిషన్ ఇప్పించాలి.

తర్వాత ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు. మనలో చాలామందిమి అక్కడే పెరిగాం. పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం అన్నం నీళ్ళచారు, రాత్రి మళ్ళీ అన్నం. వారంలో కొన్నిసార్లు గుడ్డు. ఆరేడేళ్ళ వయసులో ఇంటి తిండి వదిలి వచ్చిన పిల్లకి చోడంబలి రుచి గుర్తుండదు. సెలవలకి ఇంటికెళ్తే అవ్వ పెట్టింది తినబుద్ధి కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో పది దాకా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. మన ఊళ్ళ ఏఎన్ఎం అక్కని అడిగితే మన సంగతి చెబుతుంది. 2024లో జాతీయ పోషకాహార సంస్థ కొత్త సూచనలు ఇచ్చింది. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండాలట. మిగతా సగంలో గింజలు, పప్పులు, మాంసం, గుడ్లు, పాలు. గింజల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదట. ఇది చదివినప్పుడు నాకు పోడు చేను కళ్ళ ముందు కనిపించింది. మనం ఈ రోజు తినేది మాత్రం ముప్పాతిక కంచం అన్నం, అంచున చారెడు కూర.

కాబట్టి రూమ్‌లో వండుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అన్నం మానక్కర్లేదు. అన్నం కొలత కొంచెం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. అన్నంలో నిమ్మకాయో ఉసిరో ఉంటే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గుతుంది. మన చింతచిగురు పప్పు చేసే పని కూడా మొదటిదే. పొద్దున్న చోడంబలి సులువు, ఖర్చు తక్కువ. షాపులో సామలు కొంటే మరీ తెల్లగా మెరిసేవి వద్దు, అవీ పాలిష్ పట్టినవే. సంతలో పిల్లలకి కొనిచ్చే చిప్స్ ప్యాకెట్, రంగు డ్రింకు డబ్బుకి రెండు గుడ్లు వస్తాయి. గీసిన కల్లుని నేరం చేసిన చోటే ఇప్పుడు బెల్టు షాపు సీసా దొరుకుతోంది, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఇంట్లో చేసుకునేది ఇది. అడిగి తెచ్చుకోవాల్సింది వేరే ఉంది. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఉన్నాయి, చట్టం వచ్చినప్పుడు కిలో రూపాయి ధరకి. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లలకి రాగిజావ మొదలుపెట్టారు. తెలంగాణలో ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏల అంగన్‌వాడీల్లో గిరి పోషణ పేరుతో చిరుధాన్యాల తిండి ఇచ్చారు. ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్ళ సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తోంది. అంటే ప్రభుత్వం అనుకుంటే జరుగుతుంది. డిపోకి వచ్చే చోళ్ళు, సామలు మన ఊళ్ళ రైతుల దగ్గరే కొనాలని గ్రామసభలో తీర్మానం రాసి ఐటీడీఏ పీవోకి ఇవ్వొచ్చు. హాస్టల్ మెనూ గురించి కూడా అదే కాగితంలో రాయొచ్చు.

దానికి ముందు మన దగ్గర ఏ విత్తనం మిగిలిందో తెలియాలి. వేసవి సెలవలకి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు మీ ఊళ్ళో ఎవరింట్లో సామ, కొర్ర, ఊద, పాత జొన్న విత్తనం ఇంకా ఉందో అడిగి రాసుకోండి. కోయ, గోండి, కువి, సవర, ఏ భాషలో ఆ గింజని ఏమంటారో ఆ పేరుతోనే రాయండి.