ఉప్పల్ సీమకు న్యాయపీఠము

ఉప్పల్, నాచారములు నేడు కర్మాగారములతోను మెట్రో స్తంభములతోను నిండి నగరమున లీనమైనను, నిజాం పాలనాంతమువరకు రాజధానిని చుట్టుకొనియున్న పల్లెసీమలోనివే. ఆ సీమయందలి అత్రాఫ్-ఎ-బల్దా, బాఘాత్ జిల్లాలు 1948లో హైదరాబాదు జిల్లాగా ఏకమయ్యెను. 1978లో దానినుండి, న్యాయవాదియు రాజకీయ నాయకుడును అగు కొండా వెంకట రంగారెడ్డి పేరిట వేఱొక జిల్లా వెలువడెను. 2016లో ఈ రెండూళ్లును మేడ్చల్-మల్కాజిగిరి పాలయ్యెను. జిల్లా మారినపుడెల్ల వాది ప్రతివాదులు క్రొత్త కచేరీ త్రోవ వెదకుకొనవలసినదే గదా!

ఇన్ని మార్పులకును చలింపక నిలిచినది మూసీ దక్షిణతీరమందలి ఉన్నత న్యాయస్థాన భవనము. 1908 నాటి వరద నగరమును ముంచి పోయిన కొన్నేండ్లకు, విన్సెంట్ ఎష్ రూపకల్పన చేయగా, 1915లో శంకుస్థాపన జరిగిన ఆ సౌధమును నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1920 ఏప్రిల్ 20న ప్రారంభించెను. మరుసటి యేడే న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖనుండి వేఱుపఱచుచు ఫర్మానా వెలువడెను. ఆ ఎఱ్ఱరాతి గోడలకంటెను, గుమ్మటములకంటెను నాకు ఇదియే గొప్ప కట్టడముగా తోచును. అయినను అచటి వ్యవహారభాష ఉర్దూ యగుటచే, తెలుగుతప్ప అన్యమెఱుగని రైతు తన పొలము తగవును పరుల నోట వినవలసివచ్చెను.

1956 నవంబరులో గుంటూరునుండి తరలివచ్చిన ఆంధ్ర హైకోర్టునకును ఈ భవనమే నెలవయ్యెను. 2024లో రాజేంద్రనగరమున నూతన భవనమునకు శంకుస్థాపన జరిగినది. ఈ వృత్తాంతమును తెలుగున తెలుపు శిలాఫలకము నొకదానిని ఉప్పల్ కూడలియందు నిలుపవలెనని పురపాలకులకు మనవి.