టేకు మొద్దులో వానల లెక్క

ఉష్ణమండలంలో పెరిగే చెట్లకు ఏడాది వలయాలు ఉండవన్న మాట వృక్షశాస్త్రంలో చాలాకాలం చెలామణి అయింది. చలిదేశాల్లో శీతాకాలం రాగానే చెట్టు ఎదుగుదల ఆగుతుంది, వసంతంలో మళ్లీ మొదలవుతుంది. చెక్కలో ఏడాదికొక చుట్టు పడేది అందుకే. చలి లేని చోట ఎదుగుదల ఆగదు కాబట్టి చుట్టు కూడా పడదని నమ్మారు. వానలు కురవని నెలలు కూడా చెట్టును అలాగే ఆపగలవన్న సంగతి ఆ నమ్మకంలో లెక్కకు రాలేదు.

టేకు ఇందుకు మంచి ఉదాహరణ. ఆదిలాబాద్ అడవుల్లోనైనా, బర్మా కొండల్లోనైనా అది ఎండాకాలమంతా దాదాపు బోడిగానే నిలబడుతుంది. తొలకరితో చిగురు వేసి, బెరడు కింద కొత్త చెక్క కడుతుంది. మొదట కట్టే చెక్కలో నీటిని పైకి చేర్చే గొట్టాలు వెడల్పుగా ఉంటాయి. వానలు తగ్గేకొద్దీ అవి సన్నబడతాయి, చెక్క గట్టిపడుతుంది. టేకు మొద్దును అడ్డంగా కోసి నున్నగా చిత్రిక పడితే సూదిమొనతో వరసగా పొడిచినట్లు చిన్న రంధ్రాలు గుండ్రంగా కనిపిస్తాయి. అదే కొత్త ఏడాది మొదలైన చోటు. భూతద్దం కూడా అక్కర్లేదు.

ఈ చుట్లను పట్టించుకున్నది ముందుగా అటవీ అధికారులు. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవులకు పర్యవేక్షకుడిగా వచ్చిన జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిక్ బ్రాండిస్ ఏనుగు మీద తిరుగుతూ చెట్లను లెక్కించాడు. లావును బట్టి చెట్లను తరగతులు చేసి, ఒక్కో తరగతికి ఒక్కో వెదురు ముక్క పట్టుకుని, చెట్టు కనబడగానే దాని మీద చాకుతో గాటు పెట్టేవాడు. ఏటా ఎన్ని చెట్లు కొట్టవచ్చో తేలాలంటే ఏ లావుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలియాలి. అది చెప్పేవి చుట్లే. తర్వాత మద్రాసు రాష్ట్ర వృక్షసంపదను గ్రంథస్థం చేసిన జేమ్స్ సైక్స్ గాంబుల్, 1881లో వెలువరించిన భారతీయ కలప జాతుల గ్రంథంలో ఎన్నో చెక్కలకు అంగుళానికి ఎన్ని చుట్లున్నాయో ఇచ్చాడు. అప్పటికి ఇదంతా కలప దిగుబడి కోసం వేసిన లెక్కే.

చుట్టు మందం నుంచి వాతావరణాన్ని చదివే పద్ధతి అమెరికాలో పుట్టింది. ఖగోళ శాస్త్రవేత్త ఎ. ఇ. డగ్లస్ సూర్యుడి మచ్చల ఆవృత్తి జాడ కోసం అరిజోనా పైన్ చెట్లను పరిశీలించి, ఒక చెట్టులోని సన్న, మందపు చుట్ల వరసను మరో చెట్టు వరసతో జతపరచి ప్రతి చుట్టుకూ సంవత్సరం నిర్ణయించాడు. ఉష్ణమండలంలో ఆ పనికి దారి వేసింది జావా. అక్కడి చెట్లలో చుట్లు ఎప్పుడు, ఎలా పడతాయో 1920లలో కోస్టర్ అనే శాస్త్రవేత్త విస్తారంగా పరిశోధించాడు. 1931లో బటావియా వాతావరణ శాస్త్రవేత్త బెర్లాహె టేకు చుట్ల మందానికీ వర్షపాతానికీ ఉన్న సంబంధం మీద వ్యాసం రాస్తూ 1514 నుంచి 1929 దాకా ఏటేటి వరసను ప్రకటించాడు. ఉష్ణమండలమంటే వలయాలు లేవని కొట్టిపారేసే కాలంలో నాలుగు శతాబ్దాల వరస పేర్చడం సాహసమే. అయినా చాలా ఏళ్లపాటు దాన్ని అందుకుని ముందుకు సాగినవారు తక్కువ.

వెనకాడడానికి కారణాలూ ఉన్నాయి. ఎండల మధ్య అకాల వాన పడినా, పురుగు ఆకంతా తినేసి చెట్టు మళ్లీ చిగిర్చినా ఒకే ఏడాదిలో రెండు చుట్లు పడవచ్చు. గడ్డుకాలంలో చుట్టు మొద్దుకు ఒక పక్కనే పడి, మరో పక్క మాయం కావచ్చు. అందుకే ఒక్క మొద్దు మీద లెక్క నమ్మదగింది కాదు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో కె. ఎ. చౌదరి 1930లలో మన చెట్లనే తీసుకుని చుట్టు పుట్టే తీరు పరిశీలించాడు. చుట్ల మధ్య కనిపించే లేత గీత ఋతువు చివర ఏర్పడుతుందని అప్పటిదాకా అనుకునేవారు. అందులో కొత్త ఋతువు మొదట్లో పుట్టే కణాలూ ఉంటాయని 1936లో నల్లమద్ది చెక్కలో చూపాడు. చుట్టుకు సరిహద్దు ఎక్కడ గీయాలన్నదే ఈ శాస్త్రానికి పునాది కాబట్టి చౌదరి పనికి దక్కాల్సిన గుర్తింపు ఇంకా ఎక్కువ.

ఏడాది పొడవునా తడిగా ఉండే అడవుల్లో వేరే ఉపాయాలు కావలసి వచ్చాయి. ఆఫ్రికా చెట్ల మీద పనిచేసిన ఫ్రెంచ్ పరిశోధకుడు మరియో 1960లలో తెలిసిన తేదీన బెరడులో చిన్న కిటికీ కోసి, కొన్నేళ్ల తర్వాత ఆ గాయం మీద ఎన్ని చుట్లు కట్టాయో చూసే పద్ధతి వాడాడు. అణుపరీక్షల వల్ల 1960లలో గాలిలో ఒక్కసారిగా పెరిగిన రేడియో కార్బన్ మరో ఆనవాలైంది. అది చెక్కలో దాగి ఉన్న చోటును పట్టుకుని వోర్బెస్, యుంక్ అనే పరిశోధకులు అమెజాన్ చెట్ల వయసును 1989లో సరిచూశారు.

భారతదేశంలో పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థకు చెందిన పంత్, బోర్‌గావ్‌కర్ 1983లో ఠాణే ప్రాంతపు టేకుతో మొదలుపెట్టారు. 2010లో బోర్‌గావ్‌కర్ బృందం కేరళ టేకు నుంచి 1481–2003 మధ్య 523 ఏళ్ల వరసను వెలువరించింది. రుతుపవనాలు తప్పిన ఎల్‌నినో ఏళ్లలో చుట్లు తరచుగా సన్నబడ్డాయని అది చూపింది. అదే ఏడాది దక్షిణ వియత్నాం కొండల్లోని సైప్రస్ జాతి చెట్లు, కంబోడియాలో అంగ్‌కోర్ నగరం క్షీణించిన 14, 15 శతాబ్దాల్లో దశాబ్దాల పాటు సాగిన అనావృష్టిని బయటపెట్టాయి.

ఆసియా అంతటి నుంచీ సేకరించిన మూడు వందలకు పైగా వరసలతో అనావృష్టి పటాల సంపుటి తయారైనదీ 2010లోనే. అందులో ప్రత్యేకంగా ఎత్తిచూపిన నాలుగు మహా అనావృష్టుల్లో రెండు తెలుగు నేలను తాకినవి. 1876–78 నాటిది రాయలసీమ పెద్దలు ధాత కరువుగా చెప్పుకున్నది. 1790–96 నాటిది ఉత్తర సర్కారు జిల్లాలను మాడ్చిన కరువు కాలం. ఆ రోజుల్లో దేశంలో వాన కొలిచినవారు బహు కొద్దిమంది. సామర్లకోటలో ఉండి వాతావరణాన్ని నమోదు చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ వారిలో ఒకడు. కొలిచినవారెవరూ లేని చోట్ల ఆ ఏళ్ల వానలోటు వివరం ఆ పటాల్లోకి వచ్చింది చెట్ల చుట్ల నుంచే.