మునగాల దగ్గర ఆగిన అంబాసిడర్ – ఒక ఇత్తడి నట్టు చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, శాసనాలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. ఈ టపాలో నేను చెప్పబోయేది బొటనవేలంత ఇత్తడి నట్టు చరిత్ర.

1987 వేసవి. నేను తెలుగు పండితుడిగా కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే మా బావగారి పాత అంబాసిడర్‌లో కోదాడ వెళ్ళి, పెండ్లి చూసుకొని, సూర్యాపేటకు బయలుదేరాము. మునగాల దాటగానే పెట్రోలు వాసన గుప్పుమన్నది. బండి రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే, పంపు నుంచి కార్బురేటరుకు వెళ్ళే రాగి గొట్టం నట్టు మొదట్లో చిట్లింది. పెట్రోలు వేడి ఇంజను మీద బొట్లు బొట్లుగా పడుతున్నది. బావగారు చుట్ట వెలిగించబోతుంటే డ్రైవరు చప్పున చేయి పట్టుకొని ఆపాడు. ఆ క్షణం తలచుకొంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అంబాసిడర్ పుట్టుక ఇంగ్లండుది. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారునే 1957 నుంచి బెంగాలులోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఆ పేరుతో తయారు చేశారు. మన దేశం మెట్రిక్ కొలతలకు చట్టం చేసినది 1956లో. ఆ మరుసటి ఏడే వచ్చిన ఈ బండి మాత్రం అంగుళాల మరలతోనే వచ్చింది. అందుచేత మన మెకానిక్కులు రెండు రకాల పానాలు దగ్గర పెట్టుకోవలసి వచ్చింది: అంబాసిడర్‌కు అంగుళాలవి, ఫియట్‌కు మిల్లీమీటర్లవి. ఒకదాని నట్టును మరొకదానికి బలవంతంగా బిగిస్తే మర చెడి, కీలు తెగుతుంది.

ఇంధనపు గొట్టం పని చూడడానికి సులభం. టాంకు బండి వెనుక ఉంటుంది. ఇంజను పక్కనున్న పంపులోని పొర పైకీ కిందికీ ఆడుతూ పెట్రోలును లాగి కార్బురేటరుకు తోస్తుంది. షెడ్డులలో దీనిని ఏసీ పంపు అంటారు. పంపుకు ముందు గొట్టం చిట్లితే గాలి లోపలికి పోయి ఇంజను ఆగుతుంది. దానిని వారు ‘ఎయిర్ పట్టింది’ అంటారు. పంపు తరువాత చిట్లితే పెట్రోలు బయటికి వస్తుంది. మొదటిది చికాకు; రెండవది నిప్పు.

రాగి మెత్తని లోహమే. కానీ ఏళ్ళ తరబడి అదురుతూ ఉంటే గట్టిపడి, పెళుసుబారి, నట్టు దగ్గర విరుగుతుంది. ఆ అదురును మింగడానికే అనుభవజ్ఞులు గొట్టాన్ని ఒకటి రెండు చుట్లు తిప్పి బిగించేవారు.

ఆ రోజు డ్రైవరు ముందుగా బట్టల సబ్బు రుద్ది చూశాడు. సబ్బు పెట్రోలులో కరగదు గనుక సన్నని చెమ్మనైతే కాసేపు ఆపుతుంది. మా చిట్లు అంత చిన్నది కాదు. చివరకు లారీ ఎక్కి కోదాడ వెళ్ళి ఒక పెద్దాయనను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన గొట్టం విప్పి, బండికి దూరంగా తీసుకుపోయి, లోపలి పెట్రోలంతా ఊది, ఎండలో ఆరబెట్టాడు. విరిగిన కొసను కోసి, మిగిలిన కొనను రోడ్డవతలి టీకొట్టు పొయ్యిలో ఎర్రగా కాల్చి నీటిలో ముంచాడు. అలా చేస్తే ఉక్కు గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. తరువాత నట్టు తొడిగి, గొట్టం మూతిని గరాటులాగ వెడల్పు చేశాడు. “నట్టు ముందుగాల ఎక్కియ్యాలె సారూ, మూతి ఇచ్చినంక ఎక్కది” అని నవ్వాడు. రెండు పానాలతో, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి, బిగించాడు. గంటలో బండి కదిలింది. (నేడు ఎవరూ దీనిని అనుకరించవద్దు. కొత్త గొట్టం వేయించడమే క్షేమం.)

ఆ మునగాల సామాన్యమైన ఊరు కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా ఉన్న సంస్థానం అది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. లోకంలోని విద్యలన్నీ తెలుగులో చదువుకోవాలని విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, ఆ పని ముగియకముందే 1923లో కన్నుమూశారు. ఆ ఊరి పొలిమేరలో ఒక విద్య నా కళ్ళ ముందే జరిగింది. పండితుడనైన నేను ఒక్క ముక్కైనా రాసుకోలేదు. ఆయన పేరైనా అడగలేదు.

తరువాతి కథ మీకు తెలిసినదే. అప్పటికే, 1983 డిసెంబరులో, మారుతి వచ్చి ఉంది. క్రమంగా కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. అందులో ఇంధనపు ఒత్తిడి పాతదానికి పది రెట్లకు మించినది; అక్కడ సబ్బు వైద్యం ప్రాణాంతకం. 2012 నాటికి హైదరాబాదు–విజయవాడ దారి నాలుగు వరుసలైంది. 2014 మేలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయింది. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు కలుస్తున్నది. పాత రబ్బరు గొట్టాలను అది ఉబ్బించి పాడుచేస్తుంది. తేమను పీల్చి లోహానికి తుప్పు తెస్తుంది. మిగిలిన పాత బండ్లకు ఈ కీళ్ళ రోగం మళ్ళీ ముదిరే కాలమిది. వైద్యులు మాత్రం తగ్గిపోతున్నారు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం 1962లో సేద్యపు మాటలతో మొదలై, 1971లో నేత మాటలతో సాగింది. రైతు మాటకు, సాలె మాటకు దక్కిన ఆ గౌరవం షెడ్డు మాటకూ దక్కాలి. నట్టు, వాషరు ఇంగ్లీషు నుంచి వచ్చి ఉకారాంతాలై మన విభక్తులను తొడుక్కున్నాయి. ‘మూతి ఇవ్వడం’ మాత్రం అచ్చంగా మనదే.

మీ ఊళ్ళలో పాత మెకానిక్కులు ఉంటే, వారితో ఒక పూట కూర్చొని వారి మాటలు రాసుకోండి. ముందుగా వారి పేరు అడగండి. నేను చేయని పని అదే.