పూసల లెక్క

పెండ్లిపీటల మీది వధువును 'అష్టపుత్రవతీ భవ' యని దీవించిన పెద్దలకును, నారు పోసినవాడు నీరు పోయకపోవునా యని గుండె దిటవు చేసికొన్న సంసారులకును, ఇంటిలో ఎందరు బిడ్డలుండవలెనో నిర్ణయించుట ప్రభుత్వము చేయదగిన పనియని ఏనాడును తోచియుండదు. అట్టి దేశములోనే, ఎఱ్ఱని త్రికోణమును, దానితోపాటు తల్లి, తండ్రి, కొడుకు, కూతురు అను నాలుగు నవ్వు మొగములును, 'ఇద్దరు లేక ముగ్గురు చాలు' అను మాటయు ఊరూర ఆరోగ్య కేంద్రముల గోడలకెక్కినవి. సంతానపు లెక్క ఇంటిలోనుండి కచేరీకి ఎట్లు చేరినదో, చేరిన పిమ్మట దాని భారమెవరిపై పడినదో పరిశీలించుట అవసరము.

తొలి ప్రయత్నము ప్రభుత్వముది కాదు. 1921లో బొంబాయిలో రఘునాథ ధోండో కర్వే సంతాన నియంత్రణ కేంద్రమును తెఱచి, అందుకు మూల్యముగా అధ్యాపక పదవిని పోగొట్టుకొనెను. 1930లో మైసూరు సంస్థానము ప్రభుత్వ పక్షమున ఇట్టి కేంద్రములను నెలకొల్పినది. 1935 డిసెంబరులో అమెరికానుండి వచ్చిన మార్గరెట్ శాంగర్ వార్ధాలో గాంధీజీని దర్శించి ఎంత వాదించినను, సంయమమే తగిన మార్గమను తమ మాటను ఆయన విడువలేదు. 1951 జనాభా లెక్కలలో దేశ ప్రజలు 36 కోట్లని తేలగా, మఱుసటి యేడు భారత ప్రభుత్వము కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమముగా స్వీకరించెను. అంతకుముందు ఏ దేశమును ఈ పని చేసియుండలేదు. మొదటి ప్రణాళికలో దీనికై కేటాయించినది 65 లక్షల రూపాయలు మాత్రమే. అందును అధిక భాగము వ్యయము కాకయే మిగిలినది.

నాటి ఆరోగ్య మంత్రిణి రాజకుమారి అమృత్ కౌర్ గాంధీజీ శిష్యురాలు. కృత్రిమ సాధనముల యెడ ఆమెకుగల విముఖత వలన, ఋతుచక్రములోని నిరపాయ దినములను గుర్తించి మెలగు పద్ధతికే తొలుత ప్రోత్సాహము లభించినది. మైసూరు రాష్ట్రమున రామనగరములోను, ఢిల్లీలోను స్త్రీలకు పూసల దండలు పంచిరి: నిరపాయ దినములకొక రంగు, అపాయ దినములకు వేఱొక రంగు, రోజుకొక పూస త్రోసికొనుచు పోవలెను. రాత్రి చీకటిలో పూస రంగు కానరాదు. ఋతుక్రమమా, అందఱికిని ఒక్క తీరున నడువదు. మగవాడు ఆ లెక్కను మన్నించునన్న నమ్మకమును లేదు. పద్ధతి విఫలమైనది. ఐనను, ఆ దండను తలచుకొన్నప్పుడెల్ల నాకొక గౌరవభావము కలుగుచుండును. ఏలయన ఈ సుదీర్ఘ చరిత్రలో లెక్క స్త్రీ చేతిలో నున్న ఘట్టము బహుశా అదియొక్కటియే.

తరువాత లెక్క రిజిస్టర్లకెక్కినది. 1966లో కుటుంబ నియంత్రణకు ప్రత్యేక శాఖ ఏర్పడినది. మఱుసటి యేడు ఆ శాఖా బాధ్యతలు స్వీకరించిన జనాభా శాస్త్రజ్ఞుడు డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్ మన రాజమహేంద్రవరమున జన్మించినవాడే. వేసెక్టమీ చేయించుకొన్నవారికి ట్రాన్సిస్టర్ రేడియో బహుమతిగా ఇయ్యవలెనని ఆయన ప్రతిపాదించెను. 1968లో 'నిరోధ్' తొడుగులు 15 పైసలకు మూడు చొప్పున కిరాణా కొట్లకు వచ్చినవి. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళమున జరిగిన శిబిరములో ఒక్క నెలలో 60 వేలకు పైగా పురుషులు శస్త్రచికిత్స చేయించుకొనిరి. ఆ సంఖ్యను చూచి దేశమంతటను అధికారులకు కన్ను చెదరినది. బహుమానమిచ్చి పిలుచుటకును, బలిమితో ఈడ్చుటకును నడుమ దూరమెంత స్వల్పమో నాలుగేండ్లలోనే తేలిపోయినది.

1974లో బుఖారెస్ట్ ప్రపంచ జనాభా సభలో అభివృద్ధియే ఉత్తమ గర్భనిరోధకమని ప్రకటించిన నాటి ఆరోగ్య మంత్రి కరణ్ సింగ్ గారే, 1976 ఏప్రిల్‌లో, అభివృద్ధి వచ్చువఱకు ఆగుటకు వీలులేదను జాతీయ జనాభా విధానమును వెలువరింపవలసి వచ్చినది. అత్యవసర పరిస్థితిలో ఉపాధ్యాయులకును, రెవెన్యూ సిబ్బందికిని 'కేసుల' కోటాలు విధించిరి. కోటా నిండనివారి జీతములాపిరి. 1976-77లో 82 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగెను. 1,774 మంది శస్త్రచికిత్సానంతరము మరణించినట్లు, అత్యవసర పరిస్థితి నాటి అకృత్యములను విచారించిన షా కమిషన్ నమోదు చేసినది. 1977 ఎన్నికలలో ప్రజలు తీర్పు చెప్పిరి. మఱుసటి సంవత్సరము శస్త్రచికిత్సలు పది లక్షలకు లోపే పడిపోయినవి. నియంత్రణ 'సంక్షేమము'గా పేరు మార్చుకొనినది.

పేరుతోపాటు మఱియొకటియు మాఱినది. ఆ దౌర్జన్యమునకు ప్రధానముగా గుఱియైనవారు పురుషులు, పురుషులు తిరుగబడిరి. ఆ మీదట ప్రభుత్వము స్త్రీల వైపు మరలినది, స్త్రీలు తిరుగబడలేదు. ఈ పరిణామము తెలుగునాట కనబడినంత స్పష్టముగా మఱియెక్కడను కనబడదు. 1992-93 సర్వేలో స్త్రీకి సగటున 2.6గా నున్న సంతానము 2005-06 నాటికి 1.8కి దిగినది; చదువులు విరివిగా రాకమునుపే, బాల్యవివాహములు తగ్గకమునుపే దిగినది. పదునెనిమిదేండ్లకు పెండ్లి, వెంటవెంటనే ఇద్దరు బిడ్డలు, 25 ఏండ్లు నిండకమునుపే 'ఆపరేషన్' – ఇదియే మన పల్లెల్లో ఆడుదాని క్రమమైనది. ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతము ట్యూబెక్టమీ చేయించుకొన్నవారే; దేశమున ఇదియే మిన్న. వేసెక్టమీ చేయించుకొన్న పురుషుల సంఖ్య లెక్కకు రానంత స్వల్పము. ఇన్నేండ్లుగా దీనిని విజయమని మాత్రమే చెప్పుకొనుట నాకు సమ్మతము కాదు.

దీనికితోడు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, ఇద్దఱికి మించి బిడ్డలున్నవారు స్థానిక ఎన్నికలలో పోటీచేయరాదన్నది. పదవి కాపాడుకొనుటకు మూడవ బిడ్డను దత్తతకిచ్చినవారును, భార్యను విడిచినవారును ఉన్నట్లు ఇట్టి నియమములున్న రాష్ట్రములను చూచిన పరిశీలకులు వ్రాసిరి. ఇట్టిదే హర్యానా నియమమును 2003లో సుప్రీంకోర్టు సమర్థించినది.

ఇప్పుడు గాలి మళ్ళినది. జనాభా తగ్గించిన దక్షిణ రాష్ట్రములకు, 1971 లెక్కలపై స్తంభింపజేసిన లోక్‌సభ స్థానముల పంపకము 2026 తరువాతి జనగణనతో కదలునను భయము పట్టుకొన్నది. పనిచేయు వయసువారు తగ్గుదురను చింతయు తోడైనది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దఱు బిడ్డల నిబంధనను రద్దు చేసినది. ఎక్కువ మందిని కనుడని ముఖ్యమంత్రియే పిలుపునిచ్చుచున్నారు. శాసనమును ఒక్క పూటలో రద్దు చేయవచ్చును. ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, ఆశా కార్యకర్త వెంట వెళ్ళి, మధ్యాహ్నమునకెల్ల పొత్తికడుపుపై కుట్లతో ఆటోలో ఇంటికి తిరిగివచ్చిన ఆ తల్లి, ఇప్పుడు ముప్పదియేండ్ల వయసున, గోడమీద త్రికోణము వెలసిపోయిన అదే ఆరోగ్య కేంద్రములో నిలిచి, తన నాళములను మరల కలుపుదురా యని అడుగుచున్నది.