పుట్టిల్లు చెప్పని చేప

చేపల బజారులో మన ఆడవాళ్ళని మోసం చెయ్యడం అంత సులువు కాదు. మొప్ప ఎత్తి చూసి నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేస్తారు. ముక్క నోట్లో పెట్టగానే ఏటి చేపో, చెరువు చేపో తేల్చేస్తారు. ఈ తెలివితేటలన్నీ గాజుతొట్టి ముందు మాత్రం పనిచెయ్యవు. హాల్లో అందంగా ఈదే ఆ చేప అడవి ఏటిలో పుట్టిందా, ఏ ఫారంలోనో సిమెంటు తొట్టిలో పుట్టిందా? ఎవరం చెప్పగలం? చెప్పకపోతే కొంపేం మునిగిందంటారా? మునిగేది మన కొంప కాదు, చేపలది. ఆ కథ వినండి.

మిస్ కేరళ పేరు విన్నారా? అందాల పోటీలో అమ్మాయి కాదండీ, చేప! వెండి ఒళ్ళు. మూతి నుంచి తోక దాకా కాటుక దిద్దినట్టు నల్లచార. దానిపైన, కంటి మీదుగా సగం ఒంటి దాకా కుంకుమ చార. తోక కొసలకి నలుపూ పసుపూ అంచు. మలయాళంలో దీన్ని చోరకణ్ణి అంటారు. చోర అంటే రక్తం. కంట్లో నెత్తురు జీర ఉన్నదని అర్థం.

ఈ సుందరిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు ఫ్రాన్సిస్ డే. మద్రాసు సర్కారు కొలువులో వైద్యుడు. రోగుల నాడి చూడగా మిగిలిన ధ్యాసంతా చేపల మీదే! తిరువాన్కూరు కొండల్లో, ముండకాయం దగ్గర దొరికిన ఈ చేపకి 1865లో అప్పటి మద్రాసు గవర్నరు సర్ విలియం డెనిసన్ పేరు పెట్టాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ గవర్నరుగారి ఏలుబడిలోవే. ఆయన్ని మనమంతా మరిచిపోయాం గానీ, అక్వేరియం దుకాణాల్లో "డెనిసన్ బార్బ్" మాత్రం ఈనాటికీ పిలుపులోనే ఉంది.

నూటముప్పై ఏళ్ళ పాటు దాని బతుకేదో అది బతికింది. 1997లో సింగపూర్ ప్రదర్శనలో బహుమతి తెచ్చుకోవడంతో వచ్చింది తంటా. దేశదేశాల నుంచీ గిరాకీ పెరిగింది. ఏళ్ళలో వలలు పడ్డాయి. 2005 నుంచి 2012 వరకు ముప్పులో ఉన్న 30 జాతుల మంచినీటి చేపలు మన దేశం నుంచి కనీసం 15 లక్షలు ఎగుమతయ్యాయని పరిశోధకులు లెక్కకట్టారు. అందులో ముందు వరసలో ఉన్నవాటిలో ఇదొకటి. 2008లో కేరళ ప్రభుత్వం ఆంక్షలు పెట్టి, జూన్, జూలై, అక్టోబరు నెలల్లో పట్టకూడదంది. తీరా చూస్తే ఇది గుడ్లు పెట్టేది ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చి దాకానట! పురుడు ఒక నెలలో అయితే పథ్యం మరో నెలలో పెట్టినట్టయింది.

మరి దారేమిటి? తొట్టిలోనే పిల్లల్ని పెట్టించడం. కొచ్చిలో ఫిషరీస్ కాలేజీ శాస్త్రజ్ఞులు హార్మోన్ల సాయంతో ఆ పని సాధించారు. ఇండోనేషియా ఫారాల్లో అయితే పెద్దయెత్తున పెంచుతున్నారు. అక్కడి నుంచే మొదలైంది మన అసలు ప్రశ్న. దుకాణంలో ఉన్నది ఏటిదా, ఫారందా?

కొన్ని గుర్తులు లేకపోలేదు. ఏటి నుంచి పట్టి తెచ్చిన గుంపులో చిన్నా పెద్దా కలిసుంటాయి. రెక్క చిరిగిందో, పొలుసు రాలిందో కనిపిస్తుంది. మనిషి నీడ పడితే మూలకి పోతాయి. పొడిమేత వేస్తే మూతి తిప్పుకుంటాయి. ఫారం పిల్లలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. చెయ్యి కనబడగానే మేతకోసం ఎగబడతాయి. వెన్ను వంకరో, మొప్ప మూత కురచో కొన్నిట్లో ఉంటుంది. బంగారు రంగు డెనిసన్ కనిపించిందా, అది ఫారందే అనుకోవచ్చు.

రంగుని మాత్రం నమ్మకండి. ఆ ఎరుపు రంగు సరుకుని చేప తనంతట తాను తయారు చేసుకోలేదు, తిండిలోంచి రావాలి. మంచి మేత పెడితే ఫారం పిల్లా మెరుస్తుంది, పస్తుంచితే ఏటి పిల్లా వెలవెలపోతుంది. బెదురు కూడా నాలుగు వారాల్లో పోతుంది. చేప తలలో ఓ చిన్న రాయి ఉంటుంది. చెట్టు మానులో వలయాల్లాగా దానిలో పొరలు పెరుగుతాయి. ఏ నీళ్ళలో పెరిగిందో ఆ పొరల్ని పరీక్షించి చెప్పొచ్చు. కానీ రాయి తియ్యాలంటే చేపని చంపాలి!

పోనీ, ఫారందే మంచిదని కళ్ళుమూసుకు కొందామా? అదీ అన్నిటికీ కుదరదు. బ్రెజిల్‌లో రియో నీగ్రో నది మీద బార్సెలోస్ అని ఓ ఊరుంది. అక్కడి జనం కార్డినల్ టెట్రాలనే చిట్టి చేపల్ని పట్టి బతుకుతారు. ఎండాకాలం మడుగులు ఇంకిపోతే వాటిలో చాలా భాగం ఎలాగూ చచ్చిపోయేవే. చేపలకోసమైనా అడవి నిలవాలి కాబట్టి అక్కడివాళ్ళు చెట్టు జోలికి పోరు. ఫారం చేపలు చవగ్గా వచ్చాక ఆ బతుకుతెరువు సన్నగిల్లింది. అంటే అక్కడ ఏటి చేపని కొంటే అడవికి మేలు. మన పడమటి కనుమల్లో కొంటే ఏటికి కీడు.

అందుకని చేపని చూసి తేల్చుకునే బదులు అమ్మేవాణ్ణే అడగడం మేలు. రంగు చూశాక, ధర బేరమాడాక, "దీని పుట్టిల్లెక్కడ నాయనా?" అని ఇంకొక్క మాట వెయ్యండి. మొదటిసారి తెల్లమొహం వేస్తాడు. నలుగురు ఆడవాళ్ళు వరసగా అడిగితే, సరుకు తెచ్చినవాణ్ణి వాడే నిలదీస్తాడు. కూరగాయల బండి దగ్గర ఆ పని మనకి కొత్తేం కాదుగా!